స్లోలో బండి ఆగిపోతోందా? పాత కార్ల గురించి ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా పాత పెట్రోలు కార్లే. మారుతి 800, ఓమ్ని, జెన్, శాంట్రో, ఎప్పుడైనా ఒక పద్మిని. ఓనర్లు చెప్పే కంప్లైంట్లలో ఎక్కువసార్లు వినేది ఒకటే: "స్లో నిలబడట్లేదు మేస్త్రీ, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది." స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే నిదానపు వేగం. బండి మా దగ్గరికి వచ్చేలోపే ఎవరో ఒకరు ఏదో ఒక కారణం చెప్పి ఉంటారు. ఆ మాట నమ్మి వేలకు వేలు పోసినా జబ్బు అలాగే మిగిలినవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: స్లో స్క్రూ కొంచెం పెంచితే చాలు.

వాస్తవం: పెంచితే బండి ఆగదు, నిజమే. కానీ జబ్బు లోపలే ఉండిపోతుంది. స్లోలో ఇంజిన్ ఎలా బతుకుతుందో ముందు చూడండి. అప్పుడు థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉండే తలుపు) దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజిన్‌కి అందే గాలి చాలా తక్కువ. కిలో గాలికి ఇంత పెట్రోలు అని ఒక లెక్క ఉంది: మామూలు పెట్రోలుకైతే బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు. ఎక్కడో ఒక పైపు చీలి, ఆ సందులోంచి కాస్త గాలి దొంగతనంగా లోపలికి వెళ్లినా ఆ లెక్క తప్పుతుంది. రేసు ఇచ్చినప్పుడు అసలు గాలే ఎక్కువ కాబట్టి ఆ దొంగ గాలి లెక్కలోకి రాదు. అందుకే "రోడ్డు మీద బ్రహ్మాండంగా పోతుంది, ఆపితేనే చస్తుంది" అని ఎవరైనా అంటే నేను మొదట గాలి లీకునే అనుమానిస్తాను.

పటమట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు 1996 మోడల్ జెన్ తెచ్చారు. "ఏమీ విప్పకు మేస్త్రీ, స్లో పెంచు చాలు" అన్నారు. "పావుగంట కూర్చోండి మాస్టారూ, చూసి చెబుతా" అన్నాను. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆ స్క్రూ తిప్పి ఉన్నారు. గాలిలో పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూని నెమ్మదిగా లోపలికి తిప్పితే మామూలుగా ఇంజిన్ తడబడాలి. దీనిలో చలనమే లేదు. స్లో స్క్రూ ఎక్కువ తిప్పితే జరిగేది ఇదే. థ్రాటిల్ ప్లేటు పైకి లేచి వేరే రంధ్రాల నుంచి పెట్రోలు లాగుతుంది, ఇక మిక్చర్ స్క్రూ మాట ఇంజిన్ వినదు. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) చుట్టూ తిప్పాను. బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ లాగే వాక్యూమ్‌తో బ్రేకు తొక్కడం తేలిక చేసే డబ్బా) పైపు దగ్గర 'స్‌స్' అని వినిపించింది. పైపుని ప్లయర్‌తో సున్నితంగా నొక్కగానే ఇంజిన్ చప్పుడు మారిపోయింది. మన ఎండలకి రబ్బరు గట్టిపడి, క్లిప్పు కింద చీలింది. కొత్త పైపు వేసి, రెండు స్క్రూలూ వెనక్కి తెచ్చి ట్యూనింగ్ చేశాను.

ఈ గొట్టం పరీక్ష మీరూ చేసుకోవచ్చు. ఫ్యానుకి, బెల్టుకి చెయ్యీ బట్టలూ తగలకుండా చూసుకోండి. కొందరు వేడి ఇంజిన్ మీద కార్బరేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) శుభ్రం చేసే క్లీనర్ కొట్టి లీకు వెతుకుతారు. అది అంటుకునే మందు. ఇంటి దగ్గర ఆ పని వద్దు.

ఎంపీఎఫ్ఐ బండ్లలో (కార్బరేటర్ బదులు కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మేవి) అయితే థ్రాటిల్ స్టాప్ స్క్రూని అసలు ముట్టుకోకూడదు. దాన్ని కదిపితే థ్రాటిల్ మూసుకుందో లేదో కంప్యూటర్‌కి సరిగ్గా తెలియదు. గాలి లీకైతే వీటిలో చాలావరకు స్లో పడిపోదు, ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. స్లో మరీ తక్కువై ఆగిపోతుంటే ముందు థ్రాటిల్ బాడీ విప్పి చూడండి. ప్లేటు అంచున, స్లోలో గాలిని సర్దే ఐడిల్ వాల్వ్ ముక్కు మీద నల్లగా కార్బన్ పేరుకుని ఉంటుంది. శుభ్రం చేశాక ఒకటి రెండు రోజులు స్లో కాస్త ఎక్కువ ఉంటే భయపడకండి. కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడూ ఇంతే.

అపోహ: ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, అందుకే కొట్టిపారేయను. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి దానికి తక్కువ గాలి చాలు. ఈ20కి ఆ లెక్క 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి తనంతట తానే కొంతవరకు సర్దుకుంటుంది. కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు, దాని జెట్లు పాత పెట్రోలుకి చేసినవి. కాబట్టి మిక్చర్ మళ్లీ సెట్ చేయాలి, పాత రబ్బరు డయాఫ్రంలు, పైపులు మార్చాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని బండిలో ఆ నీరు విడిపోయి ట్యాంకు అడుగుకి చేరుతుంది. అనుమానముంటే కొంచెం పెట్రోలు గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, నీరుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో నానిన బండ్ల సంగతి వేరు. వాటిలో ట్యాంకు ఒక్కటే శుభ్రం చేసి వదిలేస్తే సరిపోదు. కనెక్టర్ల లోపల పచ్చగా చిలుము పడుతుంది, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు తుప్పు పడుతుంది. నెలల తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి స్లో తడబడటం మొదలవుతుంది. ప్రతి కనెక్టరూ విప్పి చూడటానికి ఓపిక కావాలి, కానీ వేరే దారి లేదు.

అపోహ: ఖరీదైన పెట్రోలు పోయిస్తే మిస్సింగ్ (ఇంజిన్ మధ్యమధ్యలో తడబడటం) పోతుంది.

వాస్తవం: ఖరీదైన పెట్రోలులో ఎక్కువుండేది ఆక్టేన్. అది ఎక్కువైతే ఇంజిన్ నాకింగ్ (లోపల టకటక కొట్టుకోవడం) తగ్గుతుంది. చీలిన పైపు అతుక్కోదు, చచ్చిన ప్లగ్గు బతకదు.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో చెప్పేస్తుంది.

వాస్తవం: చాలా పాత ఎంపీఎఫ్ఐ బండ్లకి ఇప్పటి మామూలు స్కానర్లు కనెక్టే కావు. కనెక్ట్ అయినా కోడ్ (బండి కంప్యూటర్ చూపే తప్పు నంబరు) చెప్పేది లక్షణం మాత్రమే. పీ0171 వస్తే మిక్చర్ పలచబడిందని (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని) అర్థం, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కాదు. గాలి లీకైనా, పంపు ప్రెషర్ తగ్గినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా అదే కోడ్ వస్తుంది. కోడ్ చూసి సెన్సర్ కొనేముందు ప్రెషర్ గేజ్ పెట్టమని అడగండి. అడిగితే మంచి మేస్త్రీ ఎవరూ కోప్పడరు.

అపోహ: బండి వణుకుతోందంటే ఇంజిన్ బోర్‌కి వచ్చినట్టే (సిలిండర్లు అరిగిపోయినట్టే).

వాస్తవం: ఈ ఒక్క మాటకే చాలామంది బండి తుక్కు కింద అమ్మేస్తున్నారు. సిలిండర్‌లో ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్ పెట్టి అన్ని సిలిండర్లూ కొలవకుండా ఎవరు చెప్పినా నమ్మకండి. చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. ఒక్కదానిలో తక్కువ వస్తే అందులో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే రింగుల సమస్య, పెరగకపోతే వాల్వుల వైపు లేదా హెడ్ గ్యాస్‌కెట్ వైపు చూడాలి. గ్యాస్ మీద నడిచే బండ్లలో వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు) బిగుసుకుంటాయి, వాల్వు పూర్తిగా మూసుకోదు. చప్పుడు రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. త్వరగా పట్టుకుంటే ట్యాపెట్ల సెట్టింగ్‌తోనే అయిపోతుంది. ఆలస్యం చేస్తే వాల్వు కాలి హెడ్ దించాలి.

అపోహ: వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అయితే పెట్రోలు పంపే పోయింది.

వాస్తవం: పంపు కావచ్చు. స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ కావచ్చు, ఈ రెండూ వేడికి చచ్చి చల్లారాక లేస్తాయి. మే నెల ఎండలో కార్బరేటర్ బండికైతే లైనులోనే పెట్రోలు ఆవిరై ఉండొచ్చు. తేల్చాల్సింది బండి ఆగిన ఆ నిమిషంలోనే: స్పార్కు వస్తోందా, పెట్రోలు వస్తోందా? షెడ్డుకి తోసుకొచ్చేసరికి చల్లారిపోతుంది, అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే అలాంటి బండిని షెడ్డు ముందే గంటసేపు ఏసీ వేసి నడిపి, ఆగేదాకా కాపలా కాస్తాను. ఆ గంటకి కూలి ఇవ్వడానికి కస్టమర్లు వెనకాడతారు గానీ, ఊరికే మార్చే పార్టు ఖరీదు కన్నా అది చాలా తక్కువ.

అపోహ: నడుస్తూ ఇంజిన్ ఆగితే బ్రేకులు పడవు.

వాస్తవం: పడతాయి. బూస్టర్‌లో వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా మిగిలి ఉంటుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, అయినా బలంగా తొక్కితే బండి ఆగుతుంది. కాబట్టి కంగారులో పదే పదే తొక్కి వదలకండి, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. పవర్ స్టీరింగ్ ఉంటే బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పండి. బండి పూర్తిగా పక్కకి చేరేదాకా తాళం చెవి మాత్రం బయటికి తీయకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.