హెరాయిన్ మానేశారు, మరి మద్యం సంగతి?

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో హెరాయిన్ అలవాటు నుంచి బయటపడుతున్నవాళ్లు చాలామంది తమ పేటలోని మామూలు డాక్టరు దగ్గరే వైద్యం చేయించుకుంటారు. డాక్టరు చీటీ రాస్తే, మందుల షాపులో ఫార్మసిస్టు ఆకుపచ్చటి మెథడోన్ ద్రవాన్ని కొలిచి చిన్న కప్పులో పోసి ఇస్తారు. చాలాసార్లు అక్కడే నిలబడి తాగాలి. మెథడోన్ కూడా హెరాయిన్‌లాగే ఓపియాయిడే, అంటే నల్లమందులా పనిచేసే మందే. కాకపోతే రోజంతా పనిచేస్తుంది కాబట్టి ఒళ్లునొప్పులు, వణుకు రావు, సూది కోసం పరుగెత్తే అవసరం ఉండదు. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ మొదలుపెట్టిన ఈ వైద్యం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

ఇలా మెథడోన్ తీసుకుంటున్న 196 మందిని ఐర్లండ్ పరిశోధకులు మద్యం గురించి అడిగారు. వాళ్లలో 35 శాతం మంది హాని కలిగే స్థాయిలో తాగుతున్నారని 2009లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. అంటే మూడో వంతుకు పైనే.

ఇందులో అసలు ప్రమాదం ఊపిరికి. మనం నిద్రలో ఉన్నా ఊపిరి ఆగకుండా చూసేది మెదడు కింది భాగంలోని కొన్ని నాడీకణాలు. ఓపియాయిడ్లు వాటిని మందగింపజేస్తాయి. మద్యం మరో దారిలో, గాబా అనే రసాయనం పనిని పెంచి, అదే చేస్తుంది. విడివిడిగా తట్టుకునే మోతాదులే రెండూ కలిస్తే ప్రాణం తీయగలవు. అప్పుడు ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఇస్తే ఓపియాయిడ్ ప్రభావం తగ్గుతుంది, మద్యం ప్రభావం అలాగే ఉంటుంది. పైగా సూదులు పంచుకున్నవాళ్లలో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ ఎక్కువ. ఆ కాలేయంపై మద్యం పడితే సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడవడం) త్వరగా వస్తుంది.

ఇంత ముప్పు ఉన్నా ఇది ఎవరి కంటా పడకుండా పోతుంది. క్లినిక్‌లో అందరి దృష్టీ హెరాయిన్ మీదే. మద్యమేమో కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది, మామూలు మూత్ర పరీక్షకు సాధారణంగా దొరకదు. నిజం చెబితే ఇంటికిచ్చే డోసులు ఆపేస్తారేమోనని పేషెంటుకు టెన్షన్. అందుకే అడగాల్సింది డాక్టరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, పొద్దున్నే తాగాల్సి వస్తోందా... ఇలాంటివి. 8 మార్కులు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మాట్లాడాల్సిందే.

మందుల విషయంలో పెద్ద చిక్కుంది. తాగుడు తగ్గించడానికి బాగా వాడే నాల్‌ట్రెక్సోన్ ఓపియాయిడ్లను అడ్డుకుంటుంది. మెథడోన్ మీద ఉన్నవాళ్లకు అది ఇస్తే వెంటనే తీవ్రమైన విత్‌డ్రాయల్ (మత్తుమందు అందకపోతే వచ్చే బాధలు) మొదలవుతుంది. తాగుడు మానేందుకు ఇచ్చే మరో మందు అకాంప్రోసేట్‌కు ఆ గొడవ లేదు, కాలేయానికీ భారం కాదు, మూత్రపిండాలు మాత్రం బాగుండాలి. కౌన్సెలింగ్ ఎంతవరకు పనిచేస్తుందో తేల్చడానికి వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్షకులు వెతికితే దొరికిన అధ్యయనాలు కొన్నే, అవీ గట్టివి కావు. ఇంతమంది జీవితాలకు సంబంధించిన ప్రశ్నపై పరిశోధన ఇంత తక్కువగా ఉండటం అన్యాయం.

రోజూ బాగా తాగేవాళ్లను ఒక్కసారిగా మానేయమనడం కూడా తప్పే. మూర్ఛలు రావచ్చు, వైద్యుల పర్యవేక్షణ కావాలి. మత్తులో వచ్చిన రోజు డోసు ఆలస్యం చేయడం భద్రత కోసమే. కానీ తాగుతున్నారని మెథడోన్ వైద్యమే ఆపేస్తే, వాళ్లు మళ్లీ హెరాయిన్ వైపు వెళ్తారు. వైద్యం ఆగిన మొదటి కొన్ని వారాల్లోనే మరణాలు బాగా పెరుగుతాయి.