కాలిన ట్రాన్సిస్టర్ మారిస్తే సరిపోతుందా? పాత యాంప్లిఫయర్ రిపేరులో అపోహలు - వాస్తవాలు

ధనుర్మాసం ఇంకో వారం ఉందనగా ఒక రామాలయం పూజారిగారు 100 వాట్ల మైక్ సెట్ యాంప్లిఫయర్‌ను గోనెసంచిలో చుట్టి మా షాపుకు తెచ్చారు. అప్పటికే వేరే చోట రెండుసార్లు ట్రాన్సిస్టర్లు మార్పించారట. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు పాడటం, ఐదో రోజు ఫ్యూజ్ కొట్టేయడం. "తిరుప్పావై మొదలయ్యేలోపు మాట్లాడించు నాయనా" అన్నారు. మూత తీస్తే ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. పాత యాంప్‌లను ఎక్కువగా చంపేది ఇలాంటి వైద్యమే.

అపోహ: ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే లావు ఫ్యూజ్ వేయాలి.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందంటే చాలాసార్లు లోపల ఏదో షార్ట్ అయినట్టే. అక్కడ రాగి తీగ వేస్తే తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మర్. పాత యాంప్‌లో అన్నిటికంటే ఖరీదైనది, దొరకనిది అదే. అందుకే నేను ఏ పాత సెట్‌నూ నేరుగా కరెంటుకు పెట్టను. 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండా పోయి సెట్‌కు చేరేలా పెట్టి స్విచ్ వేస్తాను. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే పెద్ద షార్ట్ లేనట్టే. తగ్గకుండా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేస్తాను. ఆ బల్బు దాటి అర ఆంపియర్ కూడా పోదు కాబట్టి కొత్తగా వేసిన పార్టులు బతుకుతాయి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఇంకో మాట: సీరీస్ బల్బు యాంప్‌ను కాపాడుతుంది గానీ మనకు షాక్ కొట్టకుండా ఆపదు.

అపోహ: కాలిన ట్రాన్సిస్టర్ మారిస్తే పని అయిపోయినట్టే.

ఆ గుడి యాంప్‌లో స్పీకర్‌కు పవర్ ఇచ్చే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నాలుగు, 2ఎన్3055 నంబరువి, వైపుకు రెండు చొప్పున. వాటిలో మూడు షార్ట్. నాలుగోది మాత్రం నిక్షేపంగా ఉంది, నాకు అనుమానం వచ్చింది అక్కడే. మూడు కాలిపోయేంత కరెంటు పారితే ఇదొక్కటి ఎలా మిగిలింది? దాని ఎమిటర్‌కు (కరెంటు బయటికి పోయే కాలు) ఉన్న తెల్ల సిమెంట్ రెసిస్టర్‌ను చూస్తే పగులు లేదు, మాడిన మచ్చ లేదు, 0.33 ఓం అన్న అక్షరాలు కూడా చెరగలేదు. మీటర్ పెడితే ఓపెన్, లోపల తెగిపోయింది. అంటే ఆ ట్రాన్సిస్టర్ పనే చెయ్యట్లేదు, దాని జోడీ ఇద్దరి బరువూ ఒక్కటే మోస్తోంది. అది కూలగానే మిగతావి కూడా పోతున్నాయి. రెండుసార్లు మార్చినవాళ్లు కాలినవాటినే చూశారు, బాగున్నదాన్ని చూడలేదు.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయిందంటే దాని వెనకున్న డ్రైవర్లు (దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లు), బయాస్ డయోడ్లు (ఖాళీగా ఉన్నప్పుడు పారే కరెంటును అదుపులో ఉంచేవి), ఎమిటర్ రెసిస్టర్లు అన్నీ కొలవాల్సిందే. ఇంత చిన్న విలువలు కొలిచేటప్పుడు ముందు మీటర్ వైర్లు రెండూ తాకించి చూడండి. వాటికే 0.2, 0.3 ఓం చూపిస్తుంది, దాన్ని తీసేసి లెక్క వేసుకోవాలి.

ట్రాన్సిస్టర్‌కూ, దాని వేడి లాగే లోహపు హీట్ సింక్‌కూ మధ్య కరెంటు పోకుండా పెట్టే మైకా రేకును కూడా పట్టించుకోవాలి. 2ఎన్3055కు పైనున్న లోహపు టోపీయే కలెక్టర్ (కరెంటు లోపలికి వచ్చే కాలు). చిరిగిన మైకా మళ్లీ వాడితే ఆ కలెక్టర్ హీట్ సింక్‌కు తగులుతుంది. కొత్త మైకా, రెండు వైపులా పల్చగా పేస్ట్. బిగించాక టోపీకీ హీట్ సింక్‌కూ మధ్య మీటర్ పెట్టి చూశాకే కరెంటు.

అపోహ: నంబర్ ఒకటే అయితే ఏ ట్రాన్సిస్టరైనా ఒకటే.

మార్కెట్లో నకిలీ 2ఎన్3055లు కుప్పలుగా ఉన్నాయి. పోయిన ఒకదాని టోపీ కోసి చూశాను, లోపల చిప్ పెసరబద్దంత కూడా లేదు. 15 ఆంపియర్ల పార్టు అని పైన నంబర్ వేసి అమ్మితే అది మోస్తుందా? పది రూపాయలు ఎక్కువైనా నమ్మకమున్న కొట్లోనే కొనండి.

అపోహ: గుయ్‌మని హమ్ వస్తే కెపాసిటర్లన్నీ మార్చేయాలి.

ముందు వాల్యూమ్ సున్నాకు తిప్పండి. హమ్ అలాగే ఉంటే పవర్ సప్లయ్‌లోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. అది 100 హెర్ట్జ్ హమ్. వాల్యూమ్‌తో పాటు తగ్గిపోతే తప్పు ఇన్‌పుట్ వైపుంది: మైక్ వైరు షీల్డ్ తెగడం, గ్రౌండ్ సరిగా లేకపోవడం. ఎలక్ట్రోలిటిక్‌లు (లోపల తడి ద్రవం ఉండే డబ్బా కెపాసిటర్లు) ఎండిపోతాయి, నిజమే. పాలిస్టర్, సిరామిక్ కెపాసిటర్లు మాత్రం చాలావరకు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, వాటిని పీకితే పాత బోర్డు మీద రాగి పట్టీలు లేచిపోవడమే మిగులుతుంది.

అపోహ: వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కంట్రోల్ పోయినట్టు.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. శుభ్రం చేసినా, కొత్తది వేసినా గరగర పోకపోతే దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (పాట సిగ్నల్‌ను పంపి డీసీని ఆపేది) లీకై డీసీ వస్తోందేమో చూడండి.

అపోహ: ప్లగ్ పీకేస్తే భయం లేదు.

ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జ్ చాలాసేపు నిలబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించడం దయచేసి మానేయండి. 100 ఓం, 10 వాట్ల రెసిస్టర్ వైర్లను ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో పట్టుకుని కాసేపు ఆనించి, మీటర్‌లో వోల్టేజి సున్నాకు దగ్గరపడ్డాకే చెయ్యి పెట్టండి.

అపోహ: పాట వచ్చింది, ఇక ఇచ్చేయొచ్చు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇంటి స్టీరియో యాంప్ అయితే స్పీకర్ కట్టకముందే టెర్మినల్స్ దగ్గర డీసీ చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. వోల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ మాడుతుంది. ఇలా పోయిన స్పీకర్ల విషయంలో కూడా తప్పు పాట సౌండ్ మీదికే నెడతారు.

గుడి యాంప్‌కు నాలుగు ట్రాన్సిస్టర్లు, నాలుగు ఎమిటర్ రెసిస్టర్లు కొత్తవి వేశాను. సీరీస్ బల్బు మీద సరిగా ఉందని చూసుకున్నాక అసలు రేటింగ్ ఫ్యూజ్ పెట్టి, స్పీకర్ బదులు పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టర్ కట్టి రెండు గంటలు నడిపాను. స్విచ్ ఆపి, చార్జ్ తీసేసి, ఒక్కో ట్రాన్సిస్టర్ పక్కన హీట్ సింక్ మీద వేలు ఆనించి చూశాను. నాలుగు చోట్లా ఒకే వేడి. అప్పుడు పూజారిగారికి ఫోన్ చేశాను.