చిన్న క్రీడలకు గేములు ఎందుకు రావు: 2013 నవంబరులోనే తేలిపోయిన సంగతి

ర్యాలీ కార్ రేసుల వీడియో గేముల పని ఆపేస్తున్నామని 2025లో గేముల కంపెనీ ఈఏ ప్రకటించింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ (డబ్ల్యూఆర్‌సీ) లైసెన్సు తీసుకుని 2023లో ఒక గేము తెచ్చింది, దానికే కొత్త సీజన్లు కలుపుతూ వచ్చింది, అక్కడితో వదిలేసింది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఇలాంటి క్రీడల గేములు కొనేవాళ్లు తక్కువని పబ్లిషర్లు, అంటే గేములు విడుదల చేసే కంపెనీలు, అంటారు. సరైన గేము బయటికి రాకుండా ఎవరు కొంటారో లేదో ఎలా తెలిసిందని అభిమానులు అడుగుతున్నారు.

ఏ క్రీడకు గేము ఏ ఏడాది ఆగిందో ఈ విషయం పట్టించుకునేవాళ్లకు కంఠతా వచ్చు. క్రికెట్ 07 తర్వాత ఈఏ క్రికెట్ ముట్టుకోలేదు, రగ్బీ 08 తర్వాత రగ్బీ కూడా అంతే. అసలు మలుపు మాత్రం 2013 నవంబరుకూ 2014 ఏప్రిల్‌కూ మధ్య ఉంది. క్రికెట్ చూసేవాళ్లు కోట్లలో ఉన్నా, పెద్ద పబ్లిషర్ల లెక్కలో అది చిన్న క్రీడే. అందుకే ఆ ఉదాహరణ అందరికీ వర్తిస్తుంది.

2013 నవంబరులో యాషెస్ క్రికెట్ 2013 పీసీలో విడుదలైంది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డులు రెండూ లైసెన్సు ఇచ్చాయి. అసలు జట్లు, అసలు పేర్లు, పెట్టె మీద అధికారిక ముద్ర, అన్నీ ఉన్నాయి. లేనిది ఆట ఒక్కటే. బగ్గుల వీడియోలు నెట్ అంతా పాకిపోయాయి. కొన్ని రోజుల్లోనే పబ్లిషర్ 505 గేమ్స్ దాన్ని స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చి, కన్సోల్ వెర్షన్లు కూడా రద్దు చేసింది.

అదే సమయంలో బిగ్ యాంట్ అనే మెల్‌బోర్న్ స్టూడియో మరో క్రికెట్ గేము తయారు చేస్తోంది. వాళ్లకు ఏ జట్టు లైసెన్సూ లేదు. ఉన్నదల్లా బ్రాడ్‌మన్ పేరు. అప్పుడు వాళ్లు చేసిన పని ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. గేము కంటే ముందే ఆటగాళ్లను తయారుచేసుకునే టూల్‌ను జనానికి ఇచ్చేశారు. అభిమానులు కూర్చుని ఒక్కో ఆటగాడి ముఖం, జెర్సీ, బౌలింగ్ యాక్షన్ మలిచి పంచుకున్నారు. 2014 ఏప్రిల్‌లో డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చేసరికి జట్లు సిద్ధంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. కంట్రోలర్ ఎడమ స్టిక్‌తో అడుగు, కుడి స్టిక్‌తో షాట్. టైమింగ్ తప్పితే ఎడ్జ్ తీసుకుని స్లిప్‌లోకి పోతుంది. ఏళ్ల తరబడి క్రికెట్ 07కే అభిమానులు చేసిన మార్పులు (ప్యాచులు) వేసుకుంటూ ఆడినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

లైసెన్సు ఉన్న గేము రోజుల్లో మాయమైంది, లైసెన్సు లేని గేము నిలబడింది. మూడేళ్లు తిరిగేసరికి, 2017లో, యాషెస్ లైసెన్సు బిగ్ యాంట్ చేతికే వచ్చింది, పురుషుల జట్లతో పాటు మహిళల జట్లతో సహా. గిరాకీ లేకపోతే ఇది జరిగేది కాదు.

మరి గిరాకీ లేదన్న మాట ఎక్కడ పుట్టింది? దానికి 2004కు వెళ్లాలి. ఆ ఏడాది సెగ, టేక్-టూ కంపెనీలు కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ మీద చేసిన ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5 గేమును 20 డాలర్లకే అమ్మాయి. ఈఏ అదే ఆట మీద తన గేము మ్యాడెన్ ధర తగ్గించాల్సి వచ్చింది. డిసెంబరులో ఎన్ఎఫ్ఎల్ హక్కులు మొత్తం ఈఏ ఒక్కటే తీసుకుంది. పోటీ అక్కడితో సరి. అమెరికన్ ఫుట్‌బాల్‌ది పెద్ద మార్కెట్ కాబట్టి ఒక్క గేము మీదైనా బతికింది. అదే పద్ధతి చిన్న క్రీడలకు దిగాక, లైసెన్సు పట్టుకున్న ఒక్క కంపెనీ తడబడితే ఆ క్రీడకు గేమే లేకుండా పోతోంది.

అమెరికా కార్ రేసుల సిరీస్ ఇండీకార్‌కు అచ్చంగా ఇదే జరిగింది. 2021లో మోటార్‌స్పోర్ట్ గేమ్స్ అనే కంపెనీకి హక్కులు ఇచ్చారు, 2023లో గేము రావాలి. ఆ ఒప్పందం వల్ల, ఎప్పటినుంచో ఆ కార్లను నడిపిస్తున్న ఆన్‌లైన్ రేసింగ్ గేము ఐరేసింగ్ ఇండీకార్ పేరు వాడుకునే వీలు పోగొట్టుకుంది. ఉన్నది పోయింది, కొత్తది రాలేదు. 2023 నవంబరులో ఒప్పందం రద్దయ్యేనాటికి ఒక్క గేము కూడా విడుదల కాలేదు. తర్వాత హక్కులు తిరిగి ఐరేసింగ్‌కే వెళ్లాయి. ఈ రెండేళ్లలో అభిమానులు కొనలేదన్నది నిజమే, కొనడానికి ఏదీ లేదు కనుక.

పబ్లిషర్ల వాదనలో కొంత వాస్తవం ఉంది. లీగుకు ముందే గ్యారంటీ సొమ్ము కట్టాలి, స్టేడియాలూ ముఖాలూ స్కాన్ చేయాలి, లైసెన్సు గడువు తీరితే గేమును స్టోర్ల నుంచి తీసేయాలి. ఒక్కరికే హక్కులు దక్కితే తప్ప పెట్టుబడి రాదని వాళ్ల లెక్క. కానీ 2004లో వచ్చిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీ గేమును జనం ఇప్పటికీ కొత్త స్టేజీలు చేర్చుకుంటూ ఆడుతున్నారు. దానికి అప్‌డేట్లు ఇచ్చే కంపెనీ లేదు, సీజన్ లైసెన్సు లేదు. ఇరవై ఏళ్లు దాటినా పోని ఆసక్తి ఆ లెక్కల్లో ఏ గడిలోనూ చేరలేదు.

కాబట్టి ఇప్పుడు లీగులను అడగాల్సింది ఒప్పందాల గురించే. హక్కులు ఒక్కరికే ఎందుకు? ఒప్పుకున్న తేదీకి గేము రాకపోతే హక్కులు వాటంతటవే వెనక్కి రావాలని ఎందుకు రాసుకోరు? జట్ల పేర్లూ జెర్సీలూ అభిమానులు తామే తయారుచేసుకుంటే అడ్డు చెప్పబోమని ముందే ఎందుకు హామీ ఇవ్వరు? మూడో దానికి లీగులకు ఒక్క రూపాయి ఖర్చు లేదు, ముందు తేల్చాల్సింది అదే.