కోబాల్ట్ చుట్టూ ఎవరున్నారు?

డెసికేటర్ (వస్తువుల్ని తేమ తగలకుండా దాచే మూత పాత్ర) అడుగున సిలికా జెల్ గుళికలు నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీకి తిరిగితే తేమ తాగేసినట్టు. రంగు మారేది సిలికా కాదు, దానికి పట్టించిన కొద్దిపాటి కోబాల్ట్ క్లోరైడ్. గులాబీ అయిన జెల్‌ను పలచగా పరిచి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే నీరు పోయి మళ్ళీ నీలం తిరుగుతుంది. తొందరపడి వేడి బాగా పెంచితే రంగు చూపే ఆ కోబాల్ట్ లవణమే పాడవుతుంది.

ద్రావణంలో ఇదే ఆట ఇంకా స్పష్టంగా చూడొచ్చు. 4 గ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌ను (ఆరు నీటి అణువులు కలిసిన స్ఫటికాలు) 40 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగిస్తే గులాబీ ద్రావణం వస్తుంది. ఒక్కో కోబాల్ట్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులుంటాయి. పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్లు తీసుకుని, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తే మొదట ఊదా, ఆపైన నీలం. నీళ్ళు తప్పుకుని నాలుగు క్లోరైడ్లు వచ్చి కూర్చున్నాయన్నమాట. కిటుకంతా ఊదా దగ్గర చెయ్యి ఆపడంలోనే ఉంది. అప్పుడు ఆ గొట్టాన్ని మరిగే నీళ్ళలో పెడితే నీలం, మంచులో పెడితే గులాబీ. క్లోరైడ్లు చేరే చర్య వేడిని పీల్చుకుంటుంది మరి. మంచులోనూ నీలం వదలకపోతే ఆమ్లం ఎక్కువైంది, కొన్ని చుక్కల నీళ్ళు పోయాలి. మరిగే నీళ్ళలోనూ నీలం తేలకపోతే ఆమ్లం చాలలేదు. నాలుగు పొరుగుల అమరికకు సమరూప కేంద్రం (ఎదురెదురు వైపులు ఒకేలా ఉండే నడిమి బిందువు) ఉండదు కాబట్టి అది కాంతిని ఎన్నో రెట్లు గట్టిగా పీలుస్తుంది. కొద్ది భాగం మారినా నీలం కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే. మిగిలినది సింకులో పారబోయకండి. కోబాల్ట్ లవణాలు విషం, వాటి ధూళి పీలిస్తే కేన్సర్ ముప్పు. కోబాల్ట్ లేని నారింజ రంగు జెల్ వాడకంలోకి వచ్చింది ఈ భయంతోనే.

ఇదంతా +2 స్థితి, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న కోబాల్ట్. +3 కోబాల్ట్ ఉత్త నీళ్ళలో నిలవదు, నీటినే ఆక్సీకరించి +2కి దిగిపోతుంది. అమోనియా చుట్టూ చేరితే మాత్రం నిక్షేపంగా ఉంటుంది. కోబాల్ట్ ట్రైక్లోరైడ్‌కు ఆరు అమోనియాలు చేరిన పసుపు లవణానికి సిల్వర్ నైట్రేట్ కలిపితే మూడు క్లోరైడ్లూ తెల్లటి అవక్షేపమవుతాయి. అయిదు అమోనియాల ఊదా లవణంలో రెండే. నాలుగింటి ఆకుపచ్చ లవణంలో ఒక్కటే. మిగతా క్లోరైడ్లు ఎక్కడికి పోయాయి? కోబాల్ట్‌నే నేరుగా అంటిపెట్టుకున్నాయి. ఈ +3 కోబాల్ట్ చుట్టూ ఎప్పుడూ ఆరు స్థానాలే అన్న ఈ లెక్క రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెర్నర్‌ది. 1913లో నోబెల్ బహుమతి దక్కింది. మన ఒంట్లోని బి12 విటమిన్‌లోనూ అదే ఆరు: నాలుగు వైపులా వలయంలోని నైట్రోజన్లు, కింద ఒకటి, పైన పనిని బట్టి మారే మరొకటి.

కేంద్రకానికి మాత్రం ఈ పొరుగు గొడవలేవీ పట్టవు. ప్రకృతిలో దొరికే కోబాల్ట్ అంతా 27 ప్రోటాన్లు, 32 న్యూట్రాన్లున్న కోబాల్ట్-59. రియాక్టర్‌లో అది మరో న్యూట్రాన్‌ను మింగితే కోబాల్ట్-60. మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో ఇలా తయారు చేస్తారు. అది బీటా కణాన్ని వదిలి నికెల్-60గా మారుతూ 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండింటిని వెదజల్లుతుంది. అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు మారిపోయే కాలం, 5.27 ఏళ్ళు. కాల్చినా, ఆమ్లంలో కరిగించినా ఆ లెక్క మారదు. కేన్సర్ ఆసుపత్రిలో ఈ గామా కిరణాలతో చికిత్స చేసే కోబాల్ట్ యంత్రం నెలకు దాదాపు 1.1 శాతం బలం కోల్పోతుంటుంది. కొత్త కోబాల్ట్-60 మూలంతో 2 నిమిషాలు పట్టిన మోతాదుకు అయిదేళ్ళు దాటాక 4 నిమిషాలు కావాలి. అంతసేపూ రోగి కదలకుండా పడుకోవాలి. మూలాన్ని అప్పుడప్పుడూ మార్చక తప్పనిది అందుకే.