ఆది జాకెట్ లేకుండా పడవ కుట్టడం

దేవరకొండ నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి అడిగాడు: “సార్, రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన బిగించి తెరచాప కడతారు కదా, కటమరాన్ అని. దాన్ని ఇంట్లో ప్లైవుడ్‌తో చేసుకోవచ్చా? కంప్యూటర్‌లో డిజైన్ చేస్తే సాగర్‌లో తేలుతుందా?”

తేలడానికైతే కంప్యూటర్ అక్కర్లేదు. సోమశిల దగ్గర కృష్ణలో జాలర్లు తిప్పే పుట్టి ఏ కంప్యూటరూ చూడలేదు. ఇంట్లో కట్టుకోవడమూ కొత్త కాదు. సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన 1955లోనే జేమ్స్ వారమ్ అనే ఇంగ్లిష్ యువకుడు సొంతంగా కట్టుకున్న 7 మీటర్ల కటమరాన్‌లో బయల్దేరి, అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరాడు. నన్ను పట్టుకున్నది ప్రశ్నలోని ఆ కంప్యూటర్ ముక్క.

జాకెట్ కుట్టించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆది జాకెట్ ఇచ్చేయడం. టైలర్ అక్క దాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ గీసేస్తుంది. ఆదిలో లోపముంటే కొత్తదానికీ అదే వస్తుంది. రెండోది, కొలతలివ్వడం. ఛాతీ కొలతలో నాలుగో వంతు తీసుకుని, దానికి కుట్టుకూ వదులుకూ కొంత కలుపుతుంది. చంక లోతు కూడా ఆ ఛాతీ నుంచే లెక్క కడుతుంది. 36 బదులు 40 అన్నారంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. పారామెట్రిక్ మోడలింగ్ అంటే సరిగ్గా ఇదే. ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్సెల్ లాంటి గడులుంటాయి. గడిలో అంకె మారిస్తే తెర మీద పడవ ఉబ్బుతుంది, సన్నబడుతుంది.

మొదటి గడిలో పొడవు రాయాలని అందరికీ చేయి లాగుతుంది. రాయాల్సింది బరువు. పడవ 140 కేజీలు, ఇద్దరు మనుషులు 140, సామాను 20, మొత్తం 300 అనుకుందాం. ఒక్కో హల్, అంటే ఒక్కో పడవ, 150 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. నీటిమట్టం దగ్గర పొడవు 4.6 మీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు పెట్టాం. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి అదే పొడవు, వెడల్పు, మునక (నీళ్లలోకి దిగే లోతు) ఉన్న పెట్టెలో హల్ 45 శాతమే నిండుతుందనుకుంటే, మునక 18 సెంటీమీటర్లు వస్తుంది. కొసలు సన్నబడటం లెక్కేస్తే, నీటిమట్టం దగ్గర రెండు హల్స్ వైశాల్యం కలిపి సుమారు 2.6 చదరపు మీటర్లు. అంటే ప్రతి 26 కేజీలకు ఒక సెంటీమీటరు. 75 కేజీల బావమరిది ఒడ్డు నుంచి దూకి ఎక్కాడంటే పడవ 3 సెంటీమీటర్లు దిగుతుంది. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ అనగానే స్నానపు తొట్టి, “యురేకా” కేక, రెండు మార్కులు. ఈ సెంటీమీటర్ల లెక్క ఒక్కసారి చేయిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇందులో ఒక మెలిక ఉంది. బరువు పెరిగితే మునక పెరుగుతుంది, మునక పెరిగితే హల్ ఎత్తు పెంచాలి, ఎత్తు పెరిగితే ప్లైవుడ్ పెరుగుతుంది, దాంతో మళ్లీ బరువు. గడులు ఒకదాన్నొకటి ఇలా గుండ్రంగా అడుక్కుంటే ఫ్రీక్యాడ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. వచ్చిన బరువును మనమే మొదటి గడిలో మళ్లీ రాయాలి. నాలుగైదుసార్లు రాస్తే అంకె కదలడం మానేస్తుంది.

ఇక అసలు సరదా గాలి దగ్గర. తెరచాప 12 చదరపు మీటర్లు. దాని మీద గాలి తోపుకు, కింద నీటి ఎదురుతోపుకు మధ్య ఎత్తు 3 మీటర్లు. రెండు హల్స్ నడిరేఖల మధ్య దూరం 2.2 మీటర్లు. గాలి వైపు హల్ నీళ్లలోంచి లేవబోయే క్షణంలో పడవను నిలబెట్టే టార్క్ (తిప్పే బలం) 300 కేజీలు × 1.1 మీటరు (2.2లో సగం), అంతే. పక్క నుంచి గాలి గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగానికి చేరితే ఆ క్షణం వస్తుంది. భయమేసి దూరాన్ని 2.6 మీటర్లు చేద్దామా? హద్దు 44 దగ్గరికి వెళ్తుంది, అంతకు మించి పోదు. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది మరి. పైగా అడ్డదూలం వంపు పొడవు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, అదే దూలం 65 శాతం ఎక్కువ వంగుతుంది. దూరం ముట్టుకోకుండా తెరచాపనే 9 చదరపు మీటర్లకు మడిస్తే హద్దు 46 దాటుతుంది, పైసా ఖర్చు లేకుండా. ఒక్కరే వెళ్తే బరువు 230కి తగ్గి, హద్దు 35కే దిగుతుంది. “నేనొక్కణ్నే కదా, తేలిక” అనుకునేవాడే ముందు బోల్తా పడతాడు. లైఫ్ జాకెట్, జలాశయంలో దిగడానికి అనుమతి, రెండూ ఉండాల్సిందే. నిమ్మకాయలు కట్టండి, కొబ్బరికాయ కొట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వేగం వర్గానికి ముహూర్తం తెలియదు.

లెక్క కుదిరాక గుడ్డ కత్తిరించాలి. మళ్లీ టైలర్ అక్క దగ్గరికే. చదునైన గుడ్డను గుండ్రటి ఒంటికి సరిపెట్టడానికి టక్కులు వేస్తారు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు టక్కులు వేయలేం. అది ఒక దిక్కుకు వంగితే అడ్డంగా వంగనంటుంది. కాబట్టి హల్ పక్కలన్నీ గొట్టంలోంచో శంకువులోంచో కోసిన ముక్కల్లా ఉండాలి. గణితంలో దీనికి కచ్చితమైన షరతు ఉంది. పై అంచు వక్రం మీద ఒక బిందువు, కింది అంచు మీద ఒక బిందువు తీసుకుని సరళరేఖతో కలపండి. పై బిందువు దగ్గరి స్పర్శరేఖ, కింది బిందువు దగ్గరి స్పర్శరేఖ, ఈ కలిపిన రేఖ, మూడూ ఒకే తలంలో ఉండాలి. అంటే ఆ మూడు సదిశల అదిశ త్రిక లబ్ధం సున్నా. పై బిందువు ప్రతిదానికీ ఇలాంటి జోడీని కంప్యూటర్ కింది అంచు మీద వెతుకుతుంది. దొరికిన రేఖల మధ్య చోటును త్రిభుజాలుగా కోసి, ఒక్కొక్కటే నేల మీద పరిస్తే ప్లైవుడ్ మీద గీయాల్సిన ఆకారం వచ్చేస్తుంది.

ఆ ముక్కల్ని అంచు వెంట చిన్న బెజ్జాలు వేసి రాగి తీగతో కుడతారు, పైన ఎపాక్సీ అనే గట్టి జిగురు, ఫైబర్ గ్లాస్ పట్టీ. నిజంగా కుట్టే. చేతి చుట్టుకొలత, చంక చుట్టుకొలత కలవకపోతే జాకెట్ ఎలా ముడత పడుతుందో, పక్క పలక అంచు, అడుగు పలక అంచు పొడవులు కలవకపోతే పడవా అంతే. టైలర్ అక్కకు మాత్రం ఒక సుఖముంది. గుడ్డ క్రాస్‌లో సాగుతుంది, పావు అంగుళం తేడాను లాగి సరిచేస్తుంది. ప్లైవుడ్ సాగదు. అందుకే మోడల్‌లో రెండు అంచుల పొడవుల తేడా చూపే గడి ఒకటి పెట్టుకుని, అది మిల్లీమీటరు దాటితే హెచ్చరిక చూపించేలా చేసుకోవాలి.

షీట్ కొనేముందు పలకల్ని పదో వంతు సైజులో ప్రింట్ తీసి, చార్ట్ పేపర్ మీద అంటించి, కత్తిరించి, సెల్లోటేప్‌తో అతికించి చూడండి. చార్ట్ కూడా ప్లైవుడ్‌లాగే ఒక దిక్కుకే వంగుతుంది. అది ముడత పడ్డచోట ప్లైవుడ్ పగులుతుంది. ఆ చోటు చాలావరకు ముక్కు దగ్గరే ఉంటుంది, అడుగు పలక మెలి తిరిగేది అక్కడే కాబట్టి. అక్కడి అడుగు కోణం (అడుగు పలక ఎంత వాలుగా పైకి లేస్తుందో ఆ కోణం) గడిలో కొన్ని డిగ్రీలు తగ్గించి మళ్లీ ప్రింట్ తీయండి.