రంగం దారి మూసుకుపోయాకే వైజాగ్ దారి తెరుచుకుంది

వైజాగ్‌లో ఎవరినైనా "మీదే ఊరు?" అని అడగండి, వైజాగే అని చెప్పేవాళ్ళు తక్కువ. రాజాం, పాలకొండ, బొబ్బిలి, టెక్కలి, చోడవరం అంటారు, ముప్పై ఏళ్ళుగా గాజువాకలో కాపురం ఉంటున్నవాళ్ళు కూడా అలాగే చెబుతారు. 1901లో ఈ ఊరి జనాభా దాదాపు 40 వేలు. 2011 నాటికి 17.28 లక్షలు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళతో వచ్చిన లెక్క కాదిది. ఇంతమంది ఎక్కడినుంచి, ఏ వరసలో, ఏ కష్టానికి వచ్చారో తెలియకుండా కొండల మీద ఇళ్ళ గురించీ స్టీల్‌ప్లాంట్ గురించీ మనం ఎంత వాదించుకున్నా అది సగం వాదనే.

ముందుగా చెప్పాల్సింది, ఉత్తరాంధ్ర వలస వైజాగ్‌తో మొదలవలేదు. మన తాతల కాలంలో పని కోసం ఊరు వదలడమంటే రంగం వెళ్ళడమే, అంటే బర్మాలోని రంగూన్. విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమర్ ఎక్కేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాల మోత దగ్గర, రిక్షా లాగే దగ్గర అంతా తెలుగువాళ్ళే ఉండేవారు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చి, టికెట్ డబ్బు తనే పెట్టి తీసుకెళ్ళేవాడు, తర్వాత అదంతా కూలీలోంచి కోసుకునేవాడు. ఈ పద్ధతి పాతబడిపోయిందనుకోకండి, ఇవాళ శ్రీకాకుళం నుంచి చెన్నైకి, హైదరాబాద్‌కి బిల్డింగ్ పనికి వెళ్ళే కూలీల్లో చాలామంది ఇదే అడ్వాన్సు మీద వెళుతున్నారు.

ఎందుకు వెళ్ళారంటే ఊళ్ళో నిలబడడానికి చోటు లేక. భూమంతా జమీందార్లది, వానొస్తే ఒక పంట, లేకపోతే అదీ లేదు. 1866లో కరువు, మళ్ళీ 1876 నుంచి 78 దాకా కరువు. గోదావరి, కృష్ణా జిల్లాలకి ఆనకట్టలొచ్చి మాగాణి పెరిగిన రోజుల్లో నాగావళి, వంశధార నీళ్ళు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. తోటపల్లి బ్యారేజీ నీళ్ళు కాలవల్లోకి రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చిందంటే మిగతాది ఊహించుకోవచ్చు. నన్నడిగితే వలసకి అసలు కారణం ఇక్కడే ఉంది, నగరం వెలుగుల్లో కాదు.

రంగంలో మన బతుకు బాగా చెడింది 1930లో. మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టాయి, సమ్మె తేలగానే ఆ బర్మావాళ్ళని పంపేశాయి. ఆ గొడవ అల్లర్లుగా మారి వందకు పైగా మనుషులు చనిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళే. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి రావడంతో లక్షలమంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి ఇంటిదారి పట్టారు, దారిలోనే ఎంతోమంది పోయారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మరో విడత తిరిగొచ్చింది. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అని ఇప్పటికీ ఉన్న పేట ఆ తిరిగొచ్చినవాళ్ళ గుర్తే.

ఆ దారి మూసుకుపోతుంటే ఇక్కడ దారి తెరుచుకుంది. పోర్టు 1933లో మొదలైంది, కట్టింది మన రైతు కోసమూ కాదు, మన కూలీ కోసమూ కాదు, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడకెక్కించడానికి. అయినా తవ్వడానికి, మోయడానికి మనుషులు కావాలి కదా, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చారు. 1941లో సింధియా కంపెనీ షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటేడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేయడంతో టెన్షన్ పడి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు, ఆంధ్రా యూనివర్సిటీ సైతం గుంటూరుకి మారింది. బర్మానుంచి జనం నడిచొస్తున్న ఏడాదే వైజాగ్ నుంచి జనం బయటికి పోవడం, రెండూ కలిపి చూస్తే ఆ తరం ఎంత నలిగిందో తెలుస్తుంది.

యుద్ధం అయ్యాక ఇక ఆగలేదు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ఆ షిప్‌యార్డులో కట్టిన జల ఉష ఓడ నీళ్ళలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1966లో భారీ యంత్రసామగ్రి తయారుచేసే బీహెచ్‌పీవీ, 1967లో కోరమాండల్ ఎరువులు, 1968లో తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్. మల్కాపురం, శ్రీహరిపురం, మింది, గాజువాక, ఇవన్నీ అప్పటిదాకా పొలాలున్న ఊళ్ళు.

తర్వాత ఉక్కు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఈ కథ అందరికీ తెలుసు, గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ దాని పక్కనే ఉన్న రెండో కథని చెప్పుకోం. ప్లాంటు కోసం 64 గ్రామాల భూములు పోయాయి. 20 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన ఆ రైతులూ కూలీలూ ఎక్కడికీ బయల్దేరలేదు, నగరమే వాళ్ళ మీదికి వచ్చింది. ఇంటికో ఉద్యోగం అన్న ఆశతో ఆర్ కార్డు, అంటే పునరావాస కార్డు, చేతిలో పెట్టారు. కొందరికి ఉద్యోగం వచ్చింది, వేలమంది ఆ కార్డుని ట్రంకుపెట్టెలో దాచుకుని ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు. తాతకిచ్చిన కార్డు పట్టుకుని మనవడు ధర్నాలో కూర్చోవడం కళ్ళారా చూశాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మడతల దగ్గర చిరిగిపోకుండా టేపు అతికించి ఉంది.

ప్లాంటు కట్టిన ఆ పదేళ్ళలో, 1981 నుంచి 1991 దాకా, నగరమూ చుట్టుపక్కలా కలిపి జనాభా 6 లక్షలనుంచి 10.5 లక్షలైంది. మనుషుల్ని పనికి పిలిచారు సరే, వాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటారని అడిగినవాళ్ళు లేరు. పర్మినెంట్ ఉద్యోగికి క్వార్టర్స్ ఉన్నాయి. తాపీ మేస్త్రీకి, ఇళ్ళలో పనిచేసే ఆవిడకి, ఆటో డ్రైవర్‌కి కొండే దిక్కయింది. కొండ అంచుని పారతో చెక్కి, వెనక రాళ్ళు పేర్చి, ముందు రెండు గదులు లేపుకున్నారు. గ్యాస్ బండ భుజాన వేసుకుని మెట్లెక్కాలి, నీళ్ళూ అంతే. వానాకాలం రాత్రి గట్టిగా పట్టుకుందంటే వెనక గోడ వైపు పడుకున్న పిల్లల్ని లేపి ముందు గదిలోకి తెస్తారు, రాయి జారితే ముందు ఆ గోడే పోతుంది కాబట్టి. 2011 జనగణన ప్రకారం ఈ నగరంలో 44.1 శాతం కుటుంబాలు మురికివాడల్లోనే ఉన్నాయి. దేశంలో పది లక్షలు దాటిన నగరాలన్నిటిలో ఈ విషయంలో ముంబై కూడా మన తర్వాతే. "క్లీన్ సిటీ" ఫ్లెక్సీల మీద ఈ అంకె ఎప్పుడూ కనబడదు.

పెరిగిన ఊరు ఫ్యాక్టరీల గోడల దాకా పోయింది. ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర 1961లో పెట్టిన పాలిమర్స్ ఫ్యాక్టరీ అప్పట్లో ఊరి బయట. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌గా ఉన్న ఆ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయేనాటికి దాని చుట్టూ ఇళ్ళే.

మరి పల్లెల్లో ఏం మిగిలింది? 2001 నుంచి 2011 మధ్య విజయనగరం జిల్లా జనాభా పెరిగింది 4.2 శాతం, శ్రీకాకుళం 6.5 శాతం. వెయ్యి మంది మగవాళ్ళకి విజయనగరంలో 1019 మంది, శ్రీకాకుళంలో 1015 మంది ఆడవాళ్ళు, మగవాళ్ళు పనులకి బయటికి పోవడం దీనికి ఒక పెద్ద కారణం. 2009లో చిట్టివలస జూట్ మిల్లు మూతపడింది. 2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి, మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది, అన్నేళ్ళు కుటుంబం ఏం తినాలి? వైజాగ్ దగ్గరే అయినా ఇక్కడ కూలీ దొరక్క ఇంకా దూరం పోతున్నవాళ్ళే ఎక్కువ. 2014లో చెన్నై మౌలివాక్కంలో బిల్డింగ్ కూలి 61 మంది చనిపోతే అందులో చాలామంది ఈ జిల్లాల కూలీలే. మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పడవల మీద పనిచేస్తున్నారు.

2021లో స్టీల్‌ప్లాంట్‌ని అమ్మేస్తామని కేంద్రం ప్రకటించినప్పటినుంచి అక్కడి కాంట్రాక్టు కార్మికుల భయం వేరు. రాజాం నుంచి వచ్చినవాడికి పని పోతే కనీసం రాజాం ఉంది. నిర్వాసితుల పిల్లలకి వెనక్కి పోవడానికి ఊరు లేదు, ఆ ఊళ్ళ స్థలంలోనే ప్లాంటు నడుస్తోంది. ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్ట్, డేటా సెంటర్లు అంటూ మళ్ళీ భూసేకరణ జరుగుతోంది, మళ్ళీ ఉద్యోగాల మాటే చెబుతున్నారు. భూమి ఇచ్చేవాళ్ళు ఆర్ కార్డుదారులతో ఒక్కసారి మాట్లాడి, ఆ తర్వాతే సంతకం పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

నగరానికి నీళ్ళు, ఇళ్ళు ఎన్ని కావాలో ఇప్పటికీ 2011 అంకెల మీదే ఊహించి చెబుతున్నారు, తర్వాతి జనగణన 2027లో. ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారు, ఎందుకొచ్చారు అని జనగణనలో అడుగుతారు. రేషన్ కార్డు ఊళ్ళో ఉందని, పండక్కి అక్కడికే పోతామని మనవాళ్ళు చాలామంది ఊరి పేరే రాయించేస్తుంటారు. ఏడాదంతా అరిలోవలోనో తాటిచెట్లపాలెంలోనో ఉంటున్నవాళ్ళు ఈసారి ఉండేది ఇక్కడేనని రాయించండి, అద్దె ఇల్లయినా సరే, కొండ మీద పట్టా లేని ఇల్లయినా సరే.