పాత బంతిని చిన్నచూపు చూడకండి

పిల్లలూ,

టెస్ట్ మ్యాచ్ వస్తుంటే మీ కళ్ళన్నీ స్క్రీన్ మూల పడే స్పీడు అంకె మీదే. 145 పడితే అరుపులు, 132 పడితే పెదవి విరుపులు. ఆ అంకె ఒక్కటే చూస్తే సగం బౌలింగ్ మీకు కనబడకుండా పోతుంది. మన నెల్లూరు ఎండల్లో, గట్టిపడిన నేల మీద బంతి వేసే మీకు బాగా పనికొచ్చే సగం అదే.

లెదర్ బంతికి నడుమ ఉబ్బెత్తుగా కుట్టు ఉంటుంది కదా, అదే సీమ్. బంతి కొత్తగా ఉన్నప్పుడు సీమ్‌ని కాస్త స్లిప్ (వికెట్ కీపర్ పక్కన నిలబడే ఫీల్డర్) వైపు వాల్చి వేస్తే, కుట్టు తగిలి ఆ వైపు గాలి చెదురుతుంది. చెదిరిన గాలి బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. నున్నటి వైపు గాలి ముందే విడిపోతుంది. ఈ తేడాతో బంతి గాలిలో సీమ్ చూపించిన దిక్కుకే తిరుగుతుంది, దీన్నే స్వింగ్ అంటారు. దీనికి భయంకరమైన వేగం అక్కర్లేదు, మణికట్టు సరిగ్గా ఉంటే చాలు.

అసలు కథ తర్వాత మొదలవుతుంది. మన దేశంలో చాలాచోట్ల పిచ్ ఎండిపోయి గరుకుగా ఉంటుంది కాబట్టి బంతి తొందరగా చెక్కుకుపోతుంది. ఫీల్డర్లు ఒక వైపు మాత్రం ప్యాంటుకు రుద్ది రుద్ది మెరుగు నిలబెడతారు. రెండో వైపు చెమట చెయ్యి కూడా తగలనివ్వరు, అది పొడిగానే ఉండాలి. ఉమ్ము రాయడం 2020లో ఆపించారు, 2022లో పూర్తిగా నిషేధించారు. ఇలా కాపాడుకున్న బంతిని గట్టిగా వేస్తే మెరుపు ఉన్న వైపుకు తిరుగుతుంది. మామూలు స్వింగ్‌కి ఇది తలకిందులు, అందుకే రివర్స్ స్వింగ్ అన్నారు. మెరుపు ఏ వైపుందో బ్యాటర్ పసిగట్టకుండా బౌలర్లు పరుగెత్తేటప్పుడు రెండో చేత్తో బంతిని కప్పేస్తారు. ఈసారి గమనించండి.

2024 ఫిబ్రవరిలో మన విశాఖపట్నంలో ఇంగ్లండ్ మీద మన ఫాస్ట్ బౌలర్ బుమ్రా చేసింది ఇదే. ఆ పిచ్ ఫాస్ట్ బౌలర్లకు చుట్టం కాదు. జో రూట్‌కి లోపలికి వచ్చే బంతులు వేస్తూ వేస్తూ ఒకటి బయటికి తీశాడు, స్లిప్‌లో గిల్ పట్టాడు. తర్వాత ఓలీ పోప్‌కి యార్కర్, అంటే బ్యాటర్ కాళ్ళ దగ్గరే పడే బంతి. అది గాలిలో లోపలికి తిరిగి స్టంపులు లేపేసింది. ఆ ఇన్నింగ్స్‌లో 45 పరుగులకు 6 వికెట్లు. పోప్ బంతిని అందరూ పదేపదే చూస్తారు కానీ నాకైతే రూట్ వికెట్టే గొప్పది. ముందు వేసిన బంతులన్నీ ఆ ఒక్క బంతి కోసమే.

మట్టి సంగతి కూడా చూసుకోవాలి. ఎర్రమట్టి పిచ్ మీద బంతి బాగా లేస్తుంది, షార్ట్ బంతికి, అంటే బ్యాటర్‌కి దూరంగా ముందే పడి లేచే బంతికి, విలువ ఉంటుంది. ఒంగోలు దాటి అద్దంకి వైపు వెళ్తే కనబడే రేగడి లాంటి నల్లమట్టి మీద బంతి ఆగి, తక్కువ ఎత్తులో వస్తుంది. అక్కడ స్టంపులకే గురిపెట్టాలి.

మన హైదరాబాద్ కుర్రాడు, ఫాస్ట్ బౌలర్ సిరాజ్‌ని చూడండి. 2025 ఆగస్టు 4, లండన్‌లోని ఓవల్ మైదానం. ఇంగ్లండ్‌కి కావలసింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. 80 ఓవర్లు దాటగానే కొత్త బంతి తీసుకోవచ్చు. మనవాళ్ళు తీసుకోలేదు, పాత బంతే తిరుగుతోంది మరి. ఆ టెన్షన్‌లో అలాంటి నిర్ణయం తీసుకోవడానికి బంతి మీద ఎంత నమ్మకం ఉండాలి! చివరికి సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్‌ని బౌల్డ్ చేశాడు, 6 పరుగులతో గెలిచాం. సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడిన తర్వాత, ఆఖరి రోజున వేసిన బంతి అది.

మీ దగ్గర లెదర్ బంతి లేకపోయినా ఫరవాలేదు. టెన్నిస్ బంతికి ఒక వైపు మాత్రమే టేపు చుట్టండి. టేపు ఉన్న వైపు ఒకసారి ఆఫ్‌కీ (బ్యాటర్ బ్యాటు వైపు), ఒకసారి లెగ్‌కీ (బ్యాటర్ కాళ్ళ వైపు) పెట్టి ఒకే చోట పడేలా వేయండి. ఎటు తిరుగుతోందో కీపర్ వెనకాల ఒకరు నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

మీ తాతయ్య,
కావలి